దూరమునకు కొత్త కొలబద్ద

కలకత్తా నగరమునకు నైరుతి భాగమున, ఆదిగంగ వచ్చి హుగ్లీనదిలో కలియు చోటికి చేరువగా, వాట్‌గంజ్ అను పేట ఉన్నది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇంజనీరుగా ఉండిన కర్నల్ హెన్రీ వాట్సన్ 18వ శతాబ్దపు చివరి భాగమున ఇచ్చట ఓడలు కట్టుటకు రేవు నిర్మింపబూనెను. అతని పేరే ఆ పేటకు నిలిచినది. 1892లో ప్రక్కనే ఖిదిర్‌పూర్ డాకు తెరిచిన తరువాత ఈ ప్రాంతము మహానగరమునకు సముద్రద్వారమైనది. ఓడలు, క్రేనులు, గిడ్డంగులు, కూలిజనము, ఇవియే దాని జీవితము. రేవున బ్రతుకువారికి దూరము అంకెలకు లొంగిన వస్తువు. ఈ రేవునుండి ఆ రేవునకు ఇన్ని మైళ్లు, ఇన్ని దినములు, ఇంత బొగ్గు అని వారు తడుముకొనక చెప్పగలరు.

1943 డిసెంబరు 5వ తేదీన పట్టపగలు జపాను విమానములు ఈ డాకులపై బాంబులు కురిపించినవి. పనిలో ఉన్న కూలీలు అనేకులు మరణించిరి. అదే సంవత్సరము బెంగాలు క్షామము లక్షలాది ప్రజలను బలిగొన్నది. పల్లెలు విడిచి వచ్చినవారు కలకత్తా వీధులలో గంజినీళ్లకై ఇంటింటి ముందు మొరపెట్టుకొని, ఆ వీధులలోనే ప్రాణములు విడిచిరి. ఆ రోజులలోనే, ఈ రేవునుండి కొలది మైళ్ల దూరమున, కాలేజీ వీధి పరిసరములందు, కొందరు యువకులు మరియొక విధమైన దూరమును గూర్చి ఆలోచించుచుండిరి. బద్దతోను గొలుసుతోను కొలువరాని దూరమది. ఒక జనసమూహమునకును మరియొక జనసమూహమునకును, మనము వేసిన అంచనాకును అసలు సత్యమునకును, ఒక చిత్రమునకును మరియొక చిత్రమునకును నడుమ ఉండు దూరము. ఆ ఆలోచనకు ప్రధానకర్తలలో ఒకరు ఆంధ్ర విశ్వవిద్యాలయమునుండి వెళ్లిన తెలుగు విద్యార్థి. ఆ గణితము ఎట్లు పుట్టినది? నేడు మన కంటబడు చిత్రములలో అది ఎట్లు దాగియున్నది? అట్టి దుర్దినములలో అట్టి పనికి పూనుకొనుట సమంజసమేనా? ఈ మూడు ప్రశ్నలను వరుసగా విచారింతము.

కథ ఒక జంతుశాస్త్రజ్ఞుని కోరికతో మొదలైనది. 1920లో నాగపూరున భారత విజ్ఞానమహాసభ జరిగినప్పుడు, జంతుశాస్త్ర సర్వేశాఖకు అధిపతియైన నెల్సన్ ఆనండేల్, తాను సేకరించిన కలకత్తా ఆంగ్లో-ఇండియనుల శరీరపు కొలతలను పరిశీలించి చూడుమని ప్రశాంతచంద్ర మహలనోబిస్‌ను కోరెను. మహలనోబిస్ అప్పుడు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచుండిరి. ఆ పరిశీలనలో తొలిభాగము 1922లో వెలువడినది. ఈ పనిలో ఆయనకు ఒక చిక్కు ఎదురైనది. మనిషికి ఎత్తు, తల పొడవు, ముక్కు వెడల్పు మొదలుగా పెక్కు కొలతలు కలవు. రెండు సమూహములకు నడుమ భేదమెంత అని అడిగినచో, వీనిలో దేనిని నమ్మవలెను? అన్ని భేదములను కలిపి కూడుదమన్నచో, ఒకే విషయమును రెండు మారులు లెక్కించిన దోషము వచ్చును. పొడగరికి చేతులును సామాన్యముగా పొడవుగానే ఉండును గదా! ఎత్తులోని భేదమును, చేతిపొడవులోని భేదమును విడివిడిగా కూడినచో ఒక్క భేదమే రెండుగా కనిపించును. అంతేగాక, స్వభావముచేతనే ఎక్కువగా చెదరియుండు కొలతలో ఒక అంగుళము లెక్కకు రాదు. చెదరు తక్కువగా ఉండు కొలతలో అదే అంగుళము గొప్ప భేదమగును.

ఈ రెండు విషయములకును తగిన చోటు కల్పించి 1936లో ఆయన ప్రకటించిన సూత్రమే నేడు ప్రపంచమంతట మహలనోబిస్ దూరమను పేర వాడుకలో ఉన్నది. కొలబద్ద మన చేతిలో ముందుగా సిద్ధముగా ఉండదు, కొలువబడు వస్తువుల చెదరునుండి, వానికి గల పరస్పర సంబంధమునుండి దానిని తయారుచేసికొనవలెను అనుట దాని సారము. ఈ మధ్యకాలముననే, 1931 డిసెంబరులో, ప్రెసిడెన్సీ కళాశాలలోని ఒక చిన్న ప్రయోగశాల ఆధారముగా భారత సాంఖ్యక సంస్థ ఏర్పడినది. 1933లో ‘సాంఖ్య’ అను పత్రికయు మొదలైనది.

ఐరోపాలో ఇదే ఆలోచన వేరొక మార్గమున నడిచినది. 1906లో మోరిస్ ఫ్రెషే అను ఫ్రెంచి గణితజ్ఞుడు, నేలమీది బిందువులకే గాక ఏ వస్తువులకైనను దూరమును నిర్వచింపవచ్చునని తన సిద్ధాంతవ్యాసమున చూపెను. అందుకు మూడు నియమములు చాలును. ఒక వస్తువునకు తననుండి తనకు దూరము సున్న, వేరొకదానికి సున్న కాదు. ఇచ్చటినుండి అచ్చటికి ఎంతయో, అచ్చటినుండి ఇచ్చటికిని అంతే. నడుమ మరియొకచోటికి పోయి వెళ్లినంతమాత్రమున దారి తగ్గదు. ఈ మూడును పాటించునది ఏదైనను దూరమే. జర్మనీలో హిల్బర్టు, అతని అనుయాయులు మరియొక అడుగు వేసి, ఒక ప్రమేయమును అనంతములైన దిక్కులు గల అంతరాళములో ఒక బాణముగా భావించిరి. బాణమునకు పొడవు ఉన్నది. రెండు బాణముల నడుమ కోణము ఉన్నది. ఒకదాని నీడ మరియొకదానిపై పడును. 1932లో పోలండు దేశీయుడైన స్టెఫాన్ బానాక్ రచించిన గ్రంథముతో ఈ శాస్త్రము స్థిరరూపమును పొందినది. దీనినే తెలుగున ప్రమేయ విశ్లేషణ యనియు, హిందీలో ఫలనక విశ్లేషణ యనియు చెప్పుదురు.

చిత్రమునకును దీనికిని సంబంధమేమని పాఠకులకు తోచవచ్చును. ఒక ఛాయాచిత్రము నిజమునకు ఏమి? ఏ చోట ఎంత వెలుగున్నదో చెప్పు నియమము. గణితభాషలో దానికే ప్రమేయమని పేరు. నేటి యంత్రములలో చిత్రము చుక్కలుగా విభజింపబడియుండును. అడ్డముగా 1000, నిలువుగా 1000 చుక్కలున్న చిత్రము పదిలక్షల అంకెల వరుస. అనగా పదిలక్షల దిక్కులు గల అంతరాళమున ఒకే ఒక బిందువు. మసకబారుట ఆ బిందువును ఒక చోటినుండి మరియొక చోటికి జరుపుట. మసకను తొలగించుట వెనుకకు నడచుట. అయితే ఈ వెనుకనడక సులభము కాదు. ముందుకు పోవునప్పుడు దూరదూరముగా ఉన్న బిందువులు దగ్గరకు చేరును. వెనుకకు వచ్చునప్పుడు చిన్న దోషము కూడ పెద్దదిగా పెరుగును. మసకను పూర్తిగా తుడువబోయినచో చిత్రమునకు బదులు మచ్చలే మిగులును. ఎంతవరకు తుడువవచ్చును, ఎచ్చట ఆగవలెను? చిత్రసంస్కరణ శాస్త్రమునకు ఇదియే మూలప్రశ్న. దీనికి సమాధానములో ఒక ముఖ్యభాగము కలకత్తాలో లభించినది.

కల్యంపూడి రాధాకృష్ణరావు 1920 సెప్టెంబరు 10వ తేదీన బళ్లారి సీమలోని హడగలిలో జన్మించిరి. తల్లిదండ్రులకు ఎనిమిదవ సంతానమగుటచే ఆయనకు కృష్ణుని పేరు పెట్టిరి. తండ్రి పోలీసుశాఖలో ఉద్యోగి. బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో ఆయన చదువు సాగినది. తెల్లవారుజామున నాలుగు గంటలకు తల్లి లక్ష్మీకాంతమ్మగారు లేపి, నూనెదీపము వెలిగించి చదువుకు కూర్చుండబెట్టినందున తనకు జ్ఞానతృష్ణ అలవడినదని ఆయన తరువాత ఒక గ్రంథమును ఆమెకు అంకితమిచ్చుచు చెప్పుకొనిరి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితములో పట్టము పుచ్చుకొని, సైన్యపు సర్వే విభాగములో గణితజ్ఞుని కొలువునకై కలకత్తా వెళ్లిరి. ఆ కొలువు దొరకలేదు. కాని బసలో పరిచయమైన ఒక దక్షిణాది యువకుని ద్వారా సాంఖ్యక సంస్థను గూర్చి విని, 1941 ఆరంభమున అందు శిక్షణకు చేరిరి. కలకత్తా విశ్వవిద్యాలయమువారు అదే సంవత్సరము సాంఖ్యకశాస్త్రమున ఎం.ఏ. తరగతిని ప్రారంభించిరి. రావుగారు 1943లో అందు ప్రథములుగా ఉత్తీర్ణులై, వెంటనే అచ్చటనే బోధింపసాగిరి.

ఆ తరగతిలో జరిగిన సంగతిని రావుగారే పలుమారులు చెప్పియున్నారు. నమూనాలు అనంతముగా పెరిగినప్పుడు అంచనాలోని దోషము ఎంతకు తగ్గునో తెలుపు ఫిషర్ సిద్ధాంతమును ఆయన బోధించుచుండగా, వి.ఎం. దండేకర్ అను విద్యార్థి లేచి, నమూనాలు పరిమితముగా ఉన్నప్పుడు ఇట్టి ఫలితమును ఏల సాధింపరాదని అడిగెను. పరిమితమైన నమూనాయే మన చేతికి వచ్చునది. అనంతము ఎవరికిని దొరకునది కాదు. ఆ రాత్రి రావుగారు కూర్చుండి దానిని సాధించి, మరునాడు తరగతిలో చూపిరి. ప్రశ్న వేసిన దండేకర్ తరువాత అర్థశాస్త్రజ్ఞుడై, 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి భారతదేశములోని దారిద్ర్యమును గూర్చి ప్రసిద్ధ గ్రంథమును రచించెను.

ఈ ఫలితము 1945లో కలకత్తా గణితసంఘము పత్రిక 37వ సంపుటమున అచ్చయినది. ఆశుతోష ముఖర్జీ తొలి అధ్యక్షులుగా 1908లో స్థాపితమైన సంఘమది. రచయిత వయస్సు 24 సంవత్సరములు. ఆ చిన్నవ్యాసమున మూడు రత్నములున్నవి.

మొదటిది, దోషమునకు గల అడుగుహద్దు. దీని ఉపపత్తి పైన చెప్పిన బాణముల జ్యామితిలోనిదే. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదునైన నేలమీద పడు కర్ర నీడ ఆ కర్ర పొడవును మించదు. కనుక నీడ ఇంత ఉండి తీరవలెనని నియమమున్నచో, కర్ర అంతకు పొట్టిగా ఉండజాలదు. పక్షపాతము లేని ప్రతి అంచనాకును, సమాచారమను దిక్కుపై పడు నీడ ఒక నిర్ణీతమైన విలువగానే ఉండునని రావుగారు చూపిరి. అంచనాలోని చెదరే కర్ర పొడవు. కాబట్టి ఎంత మేధావి ఎన్ని పద్ధతులు పన్నినను, చెదరు ఒక హద్దునకు దిగువకు పోదు. ఆ హద్దు సమాచారపు పరిమాణమునకు విలోమముగా ఉండును. రెండవది, ఎట్టి మోటు అంచనానైనను మెరుగుపరచు ఉపాయము. బాణపు కొననుండి నేలకు లంబము దింపి, అవసరములేని భాగమును విడిచిపెట్టుట వంటిది. మూడవది, సంభావ్యతా విభాజనములకు నడుమ దూరము. రెండు సమూహముల సగటు ఎత్తులలో ఒక సెంటీమీటరు భేదమున్నదనుకొందము. అందరును ఇంచుమించు ఒకే ఎత్తుగా ఉన్న సమూహములకు అది పెద్ద దూరము; ఎత్తులు మిక్కిలి చెదరియున్న సమూహములకు అది చిన్న దూరము. మహలనోబిస్ భావమును రావుగారు వంపు తిరిగిన తలమునకు విస్తరించి, అడుగడుగునకు మారు కొలబద్దను కల్పించిరి.

కీర్తి పంపకమున ఒక సంగతిని న్యాయముగా చెప్పవలెను. మొదటి ఫలితమునకు స్వీడను దేశీయుడైన హెరాల్డ్ క్రామేర్ 1946 నాటి గ్రంథమున స్వతంత్రముగా చేరెను. అందుచేత అది క్రామేర్-రావు అసమీకరణమని పేరొందినది. అంతకు ముందే 1943లో ఫ్రెషే దానిని కనుగొనియుండెను. దూరమునకు మూడు నియమములు నిర్ణయించిన ఆ ఫ్రెషేయే ఇతడు. యుద్ధము దేశముల నడుమ పత్రికల రాకపోకలను అడ్డుకొన్న కాలమున, ఒకే సత్యము పలుచోట్ల విడివిడిగా బయటపడినది. రెండవ ఫలితమును అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో ప్రకటించెను. మూడవదానికి మాత్రము అప్పుడు ఎవరును చేయి చాపలేదు. దశాబ్దముల తరువాత, సమాచార జ్యామితి యను శాస్త్రము తలయెత్తినప్పుడు, దానికి పునాది కలకత్తా పత్రికలో ఉన్నదని లోకము గుర్తించినది.

ఆ పరంపర ఒక్కరితో ఆగలేదు. సంస్థ నగరమునకు ఉత్తరముననున్న బరానగరమునకు తరలిన పిమ్మట, 1950ల చివరను 1960ల ఆరంభమునను అచ్చట వి.ఎస్. వరదరాజన్, ఆర్. రంగారావు, కె.ఆర్. పార్థసారథి, ఎస్.ఆర్.ఎస్. వరధన్ అను యువకులు ఫ్రెషే అంతరాళములపై సంభావ్యతాశాస్త్రమును నిర్మించిరి. పార్థసారథి 1967లో ప్రకటించిన గ్రంథము ఆ విషయమున నేటికిని ప్రామాణికము. వరధన్‌కు 2007లో ఏబెల్ బహుమతి లభించినది. చిత్రములను, ధ్వనులను యంత్రముచేత గుర్తింపజేయు పనియు ఆ సంస్థలోనే వర్ధిల్లినది. 1977లో శంకర్ పాల్, ద్విజేష్ దత్తా మజుందార్ ప్రకటించిన వ్యాసమొకటి తెలుగువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. యంత్రము అచ్చులను గుర్తించునా అని పరీక్షించుటకు వారు ఎన్నుకొన్నవి తెలుగు అచ్చులు. ముగ్గురు పురుషులు పలికిన తెలుగు మాటలనుండి తీసిన 871 అచ్చుల ధ్వనులు, ఒక్కొక్కదానికి మూడేసి అంకెలు. ఒకదానితో ఒకటి కలగాపులగమై యుండు ఆరు వర్గముల ఈ అచ్చుల పట్టిక, ఆ తరువాత దశాబ్దములపాటు పరిశోధకులు తమ తమ పద్ధతులకు ఒరగల్లుగా వాడుకొన్నది. మన అచ్చుల మధ్య దూరమును కలకత్తాలో కొలిచిరన్నమాట.

ఇక నేటి చిత్రములను చూతము. 1988లో కక్ష్యను చేరిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహము నేలలోని ప్రతి చిన్న తునకను నాలుగు రంగుల పట్టీలలో చూచినది. అనగా ఒక్కొక్క చుక్కకు నాలుగు అంకెలు. కృష్ణా మండలములో ఒక చుక్క వరిమడియా, మిరపతోటయా అని తేల్చుట ఎట్లు? వరిమళ్ల సగటునకు, మిరపతోటల సగటునకు ఆ చుక్క ఎంతెంత దూరమున ఉన్నదో చూచి, దగ్గరిదానిలో చేర్చుదురు. ఆ దూరము మామూలు బద్దతో కొలిచినచో తప్పులు వచ్చును; చెదరును, పరస్పర సంబంధమును లెక్కించు మహలనోబిస్ దూరము కావలెను. 1974లో ఏర్పడి హైదరాబాదు కేంద్రముగా సాగుచున్న జాతీయ దూరసంవేదన సంస్థవంటి చోట్ల ఉపగ్రహచిత్రములను వర్గీకరించు వారికి ఇది నిత్యసాధనము. ఆంగ్లో-ఇండియనుల తలలను కొలిచినప్పుడు పుట్టిన ఉపాయము అన్నదాత పొలమును గుర్తించుటకు వచ్చినది.

సూక్ష్మదర్శినిలో మరియొక విధముగా రావుగారి హద్దు కనిపించును. జీవకణములో మెరయు ఒక్క అణువు చిత్రమున చుక్కగా కాక 250 నానోమీటర్ల మేర చెదరిన మసకగా పడును. కాని ఆ మసక నడిబొడ్డును ఇంకను నిశితముగా నిర్ణయింపవచ్చును. ఎంత నిశితముగా? 100 కాంతికణములు అందినచో, ఇతరమైన అడ్డంకులేవియు లేనప్పుడు, హద్దు 250ని 10చే భాగించిన 25 నానోమీటర్లు. దోషమును సగమునకు దింపవలెనన్నచో కాంతికణములు నాలుగురెట్లు కావలెను. ఇట్టి సూక్ష్మదర్శనమును సాధించిన వారికి 2014లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి వచ్చినది. తమ పద్ధతి బాగుగా ఉన్నదా లేదా అని చూచుకొనుటకు ఈ రంగమువారు నేటికిని 1945 నాటి అసమీకరణమునే ఆశ్రయింతురు. మెదడులోని నరముల దారులను చూపు అయస్కాంత చిత్రములను సరిచేయునప్పుడు, రావుగారి దూరపు జ్యామితియే ఉపకరించుచున్నది.

ఈ హద్దులో ఒక నీతియు ఇమిడియున్నది. చిత్రము తనకు అందిన సమాచారమును మించి ఏమియు చెప్పజాలదు. మసక చిత్రమును మిరుమిట్లుగొలుపు స్పష్టతతో మన ముందుంచు యంత్రములు నేడు వచ్చినవి. హద్దును దాటిన స్పష్టత కనిపించినచో, ఆ అధికభాగము వస్తువునుండి వచ్చినది కాదు. యంత్రము ముందుగా నేర్చుకొన్న ఊహనుండి వచ్చినది. ఊహ పెక్కు మారులు మేలు చేయవచ్చును. కాని రోగి ఊపిరితిత్తిలో మచ్చ ఉన్నదా లేదా అని చూచు వైద్యునికి, ఏది కన్నదో ఏది ఊహించినదో వేరుచేసి తెలియవలెను. కాదేని ఆ చిత్రము అందమైన అబద్ధమగును. జ్ఞానమునకు గల హద్దును అంకెలో చెప్పగలుగుట గూడ జ్ఞానమే.

చివరి ప్రశ్న మిగిలియున్నది. వాట్‌గంజ్ ప్రక్కనే బాంబులు పడుచుండగా, ఆకలిచే జనము వీధులలో కూలుచుండగా, అసమీకరణములతో ప్రొద్దు పుచ్చుట న్యాయమా? దీనికి సులభమైన సమాధానము చెప్పుట క్షామమృతులకు అపచారమగును. గణితము వారికి ఒక్క ముద్ద అన్నము పెట్టలేదు. కాని ఆ సంస్థ కండ్లు మూసికొని కూర్చుండలేదనుటయు సత్యమే. క్షామము గడచిన వెంటనే మహలనోబిస్ తన వారిని పల్లెలకు పంపి, నమూనా పద్ధతిని ఎవరు భూమిని పోగొట్టుకొనిరి, ఎవరు దిక్కులేనివారైరి అని విచారింపజేసిరి. రామకృష్ణ ముఖర్జీ, అంబికా ఘోష్‌లతో కలిసి ఆయన సిద్ధపరచిన నివేదిక 1946లో ‘సాంఖ్య’లో వెలువడినది. పరిమిత నమూనానుండి ఎంతవరకు సత్యమును పట్టవచ్చును అను దండేకర్ ప్రశ్న ఆ పల్లెలలోను ఎదురైన ప్రశ్నయే. లక్షల గడపలు త్రొక్కుట సాధ్యము కానప్పుడు, కొన్ని గడపలు త్రొక్కి చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ప్రభువులు అంకెలను దాచుటకు, తగ్గించుటకు చూచు దేశమున ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ.

శుద్ధగణితమనియు, ప్రయోజనగణితమనియు గీత గీయు వారికి కలకత్తా చరిత్ర ఒప్పుకొనదు. శరీరపు కొలతలనుండి దూరము, దూరమునుండి జ్యామితి, జ్యామితినుండి చిత్రము పుట్టినవి. ఆ చిత్రమునుండి మరల మనిషి శరీరమునకు, పొలమునకు దారి ఏర్పడినది. రాధాకృష్ణరావు నాలుగు దశాబ్దములకు దగ్గరగా ఆ సంస్థలో పనిచేసి, తరువాత అమెరికాలో బోధించి, 2001లో పద్మవిభూషణమును, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతిని అందుకొని, ఆ 2023 ఆగస్టు 22వ తేదీననే తమ 102 ఏండ్ల వయస్సున కన్నుమూసిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో ఆయన పేర ఒక గణిత పరిశోధన సంస్థ ఉన్నది. కొలువు దొరకక కలకత్తాలో నిలిచిపోయిన యువకుడు, ఒక విద్యార్థి ప్రశ్నకు ఒక రాత్రిలో చెప్పిన బదులు ఎనుబది యేండ్లుగా కొలబద్దయై నిలిచినది. ఖిదిర్‌పూర్ డాకునకు నేటికిని ఓడలు వచ్చుచున్నవి. వాని దూరములను మైళ్లలో చెప్పుదురు. ఆ దూరము ఎంత నిశ్చయముగా తెలిసినదో చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము, అదే నగరమున 1945లో అచ్చయిన ఆ చిన్నవ్యాసమునే అడుగవలెను.